సోమవారం మూసిన తలుపు

"వచ్చే వేసవిలో ఇటలీ వెళ్ళాలనుకుంటున్నాం. వారం రోజులే సెలవు. రోము, ఫ్లారెన్సు, వెనిసు, మిలాను, వీలైతే నేపుల్సు కూడా చూసి వచ్చేటట్లు ఒక పథకం వేసి పంపుతారా?" అని ఒక పాఠకురాలు వ్రాశారు. ఉత్తరం చదివితే నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఎంచేతంటే, రెండేళ్ళ క్రితం అచ్చంగా ఇలాంటి పథకమే నేనూ వేశాను. మా కాలేజీలో టైంటేబిలు వేసే పని చాలా ఏళ్ళుగా నాదే. ఆ అలవాటు కొద్దీ రైళ్ళనూ హోటళ్ళనూ గళ్ళలో ఇరికించి, ఎనిమిది రోజుల్లో అయిదు ఊళ్ళు సర్దేశాను. ఒక్క పీరియడు ఖాళీ లేదు!

నా వెంట వచ్చింది మా పెద్దక్కయ్య. ఆవిడకు అరవై నాలుగేళ్ళు. ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరయింది. నన్ను చదివించింది ఆవిడ జీతమే. ఏటా పిల్లలకు ఒక పాత పుస్తకంలోంచి మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం బొమ్మ చూపించి, మనిషి చెయ్యి ఎలా గియ్యాలో చెప్పేదట. "ఆ చెయ్యి ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలురా" అనేది. ఆవిడ అడిగింది ఒక్కటి. నేను నలభై చూపించాలని బయలుదేరాను.

ఆ విగ్రహం ఫ్లారెన్సులో అకాడెమియా గ్యాలరీలో ఉంది. మేం ఆదివారం రాత్రి ఊళ్ళో దిగాం. సోమవారం పొద్దున విగ్రహం చూసి, సాయంత్రం రైలుకి వెనిసు వెళ్ళాలి. తీరా వెళితే తలుపు మూసి ఉంది. అకాడెమియాకీ, ఉఫిజి చిత్రశాలకీ కూడా వారపు సెలవు సోమవారమే! టిక్కెట్టు అక్కడికక్కడే కొనుక్కోవచ్చు గదా అనుకున్నవాణ్ణి, ఆ మాట ముందుగా చూసుకోనే లేదు. తప్పు పూర్తిగా నాది.

అక్కయ్య ఏమీ అనలేదు. మెల్లిగా నడుచుకుంటూ సిన్యోరియా చౌకుకి వెళ్ళాం. 1504లో పూర్తయిన ఆ విగ్రహం 1873 దాకా అక్కడే, ఎండకీ వానకీ ఓర్చుకుని నిలబడింది. ఆ తరవాత దాన్ని గ్యాలరీలోకి మార్చారు. పాత చోట 1910లో ఒక నకలు పెట్టారు. ఆవిడ ఆ నకలు వంక చాలాసేపు చూసి, "ముప్ఫై ఏళ్ళు పిల్లలకి నకలే చూపించాను. పోనీలే, నాకూ నకలే ప్రాప్తం" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. ఆ మామూలుతనమే నన్ను కోసింది.

ఆ సాయంత్రం వెనిసు రైలు వదిలేశాను. చౌకరకం టిక్కెట్లు కనక డబ్బు తిరిగి రాలేదు. వెనిసులో గదికి కట్టిందీ పోయింది. మర్నాడు గ్యాలరీ తెరవకముందే వెళ్ళి వరసలో నిలబడ్డాం. రెండు గంటలు పట్టింది.

లోపల డేవిడ్ దగ్గరికి దారి తీసే హాల్లో అటూ ఇటూ మైకెలాంజెలోయే సగం చెక్కి వదిలేసిన బందీల విగ్రహాలున్నాయి. ఒళ్ళు సగం బయటికి వచ్చింది, సగం ఇంకా రాతిలోనే ఉంది. అక్కయ్య అక్కడే ఆగిపోయింది. "ఉలి దెబ్బలు చూడరా! ఇన్నేళ్ళూ పిల్లలకి అయిపోయిన బొమ్మే చూపించాను. ఎలా మొదలవుతుందో ఎప్పుడూ చూపించలేదు" అంది. ఆ తరవాత వెళ్ళి ఆ పదిహేడడుగుల విగ్రహం కింద నిలబడి, కుడిచేతి మీద నరాలు తేలి ఉన్నచోటే చూస్తూ ఉండిపోయింది. నేను వాచీ చూసుకోలేదు. ఆ ప్రయాణంలో అదే మొదటిసారి.

అంచేత ఉత్తరం వ్రాసిన సోదరీ, ముందు ఒక్క ఊరు ఎంచుకోండి. మహా అయితే రెండు. రోము నుంచి ఫ్లారెన్సుకి వేగం రైలులో గంటన్నర ప్రయాణం కనక, ఆ జంట వారం రోజులకి సరిపోతుంది. ఊరు తేలాక, తప్పక చూడవలసిన చోటు ఏ రోజు మూస్తారో చూసుకుని, దానికి తగినట్లు రైలు కొనండి. నేను చేసింది తలకిందులు. ప్రభుత్వ మ్యూజియాల్లో నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితమే గాని, ఆ రోజు జనం విపరీతం. టిక్కెట్టు కొన్ని వారాల ముందే మ్యూజియంవారి సొంత సైటులో, ఫలానా గంటకని కొనుక్కోండి. మధ్యవర్తుల దగ్గర అదే టిక్కెట్టు ధర ఎక్కువ.

వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ ఇవ్వవచ్చు. పదిహేను రోజుల లోపుకి వస్తే ఆలస్యమైనట్లే. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులు భరించే బీమా ఉండి తీరాలి.

స్టేషనులో "ఫ్లారెన్సు" అని బోర్డు వెతక్కండి, దొరకదు. అక్కడ దాని పేరు ఫిరెంచె. "చాప"లో చ పలికినట్లు పలకాలి. వెనిసు వెనేచియ, నేపుల్సు నాపొలి. మాటలు చాలావరకు మన తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి కనక, నోరు తిరగడం మనకు కష్టం కాదు. చిన్న రైళ్ళకు కాగితం టిక్కెట్టు కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. మరిచిపోతే టిక్కెట్టు చేతిలో ఉన్నా జుల్మానా తప్పదు.

పెద్దవాళ్ళుంటే బస స్టేషనుకీ పెద్ద చర్చికీ మధ్య చూసుకోండి. ఆ దూరం పావుగంట నడక. వీధులన్నీ రాతిపలకలు. పెట్టె ఎంత చిన్నదైతే అంత సుఖం. ఆ చర్చి గుమ్మటం ఎక్కడానికి 463 మెట్లు, లిఫ్టు లేదు. అక్కయ్యా నేనూ కిందనుంచే చూసి తృప్తిపడ్డాం. చర్చిల్లో భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి. పమిట నిండా కప్పుకుంటే చీరకి ఎక్కడా అడ్డు లేదు. బసలో గది అద్దె కాక మనిషికి, రాత్రికి ఇంత అని ఊరి పన్ను వేరే కట్టాలి.

ఇక తిండి. శాకాహారులు "సెన్సా కార్నే, సెన్సా పెష్షె" అంటే, మాంసమూ చేపా లేకుండా అని. కాని పార్మెజాన్ చీజులో దూడ కడుపులోంచి తీసిన తోడు కలుస్తుంది. అది పనికిరాదనుకుంటే మారినారా పిజ్జా అడగండి. టమాటా, వెల్లుల్లి, నూనె తప్ప చీజు ఉండదు. రాత్రి భోజనం ఏడున్నర దాటితేగాని చాలాచోట్ల దొరకదు, కనక సంచిలో కాస్త చిరుతిండి ఉండాలి. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే చౌక. కుర్చీలో కూర్చుంటే ధర మారుతుంది.

వెనిసు మేము చూడనే లేదు. ఆ సంగతి అక్కయ్య ఇంతవరకూ ఎత్తలేదు. ఇంటికి రాగానే పక్కింటి పిల్లల్ని పిలిచి, చెయ్యి గియ్యడం మళ్ళీ మొదటినుంచీ నేర్పుతోంది.

మీరూ ఒక పని చెయ్యండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, "ఒక్కటే చూడనిస్తే ఏది చూస్తారు?" అని అడగండి. ముందుగా పెద్దవాళ్ళని అడగండి, వాళ్ళు తమంత తాము చెప్పరు. ఆ జవాబులు వ్రాసి పంపితే, పథకం అప్పుడు వేద్దాం.