మాత్ర మింగాక ఏమవుతుంది?

మా ఉప్పల్ పక్కనే నాచారం పారిశ్రామికవాడ. కొత్త మందు ఒంట్లోకి వెళ్లాక ఎలా మారుతుందో అక్కడి అరాజెన్ వంటి సంస్థలు పరీక్షిస్తుంటాయి. ఆ సంగతి మాత్ర మింగే మనకి మాత్రం ఎవరూ విడమరచి చెప్పరు.

కొలెస్ట్రాల్‌కి వాడే అటోర్వాస్టాటిన్‌నే తీసుకోండి. కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైమును అది అడ్డుకుంటుంది. రక్తంలో ఉండే ఆ అడ్డుకునే శక్తిలో దాదాపు 70 శాతం అసలు మందుది కాదు, శరీరం దాన్ని మార్చగా పుట్టిన పదార్థాలది! అలా మార్చేది సీవైపీ3ఏ4 అనే మరో ఎంజైము. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ దీన్ని అడ్డుకుంటుంది. దాంతో రక్తంలో స్టాటిన్ పెరిగిపోయి కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. గ్రేప్‌ఫ్రూట్ రసం అతిగా తాగినా అంతే.

మన ఇళ్లలో అత్తగారి గుండె మాత్రలు ఒక డాక్టరు రాస్తారు, జ్వరానికి మరొకరు. దగ్గుకి మందుల షాపు అబ్బాయే డాక్టరు! అన్నీ కలిపి చేతిలో పెట్టేది ఇల్లాలు. ‘ఇవన్నీ మీకెందుకమ్మా’ అంటే ఎలా? మందుతో వచ్చే కాగితం తెలుగులో ఉండాలి. ‘ఇంకేం వాడుతున్నారు?’ అని షాపులో అడగాలి. అందాకా మనమే వాడే మందులన్నీ కాగితం మీద రాసి ప్రతి డాక్టరుకూ చూపిద్దాం. ఒళ్లునొప్పులొస్తే ఇంటిపని వల్లేనని సరిపెట్టుకోకుండా చెబుదాం. అలాగని డాక్టరునడక్కుండా మాత్ర మాత్రం మానొద్దు సుమా!