జర్మనుల యింట మన బిడ్డ

తెలుగు మాధ్యమమున చదివినవాడు విదేశమున నెట్లు నెగ్గునని కొందరు తల్లిదండ్రులు శంకించుచున్నారు. ఆరు మాసములు జర్మనీలో చదువబోవు విద్యార్థిని వసతిగృహమున గాక యొక కుటుంబమున నుంచుడు. వసతిగృహమున స్వదేశీయుల ముచ్చటలతోనే కాలము గడచును. ఇంట నట్లుగాదు. సాయంకాలము రొట్టె, వెన్న, జున్ను ముందిడుకొని యందరును కూర్చుందురు. ఆ భోజనము పేరే 'ఆబెంట్‌బ్రోట్', అనగా సాయంకాలపు రొట్టె. (వేడియన్నమెరిగిన వానికి తొలివారము కష్టమే!) భాష యచ్చటనే పట్టుపడును. జర్మనులు క్రొత్తవారిని 'జీ' యనియు, ఆత్మీయులను 'డూ' యనియు సంబోధింతురు. నేటి ఆంగ్లమున నీ భేదము లేదు. మీరు, నీవు అను మాటలెరిగిన తెలుగుబిడ్డకు దానిని వేరుగ బోధింపనక్కరలేదు. ఇంట నొక భాష, వీధిని వేరొక భాష పలుకుటయు వానికి చిన్ననాటి విద్యయే. అయితే ఆ యింటి తాతగారిని సైతము 'డూ' యనవలసినప్పుడు మాత్రము వాని నాలుక కొంత తడబడును.