టీవీ హెచ్‌డీదే.. బొమ్మ మాత్రం పాతదే!

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాల కంటే పెద్ద టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు చూసి పాత టీవీ తీసేసి 43 అంగుళాలది తెచ్చుకున్న ఇళ్లు మన బస్తీల్లోనూ ఉన్నాయి. తీరా గోడకు బిగించి చూస్తే, చిన్న టీవీలో బాగానే కనిపించిన బొమ్మ ఇందులో మసక మసకగా ఉంటోంది. షాపువాణ్ణి తిట్టుకోకండి. తప్పు చాలాసార్లు సెట్‌టాప్ బాక్స్‌ది. ఒక్కోసారి బాక్స్‌ది కూడా కాదు, వైరుది.

మామూలు ప్రసారంలో, అంటే ఎస్‌డీలో, బొమ్మ మొత్తం 720 బై 576 చుక్కలు. లెక్కేస్తే 4 లక్షల చిల్లర. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 బై 1080, అంటే 20 లక్షలకు పైనే. ఆ 4 లక్షల చుక్కల్ని పెద్ద తెర మీద సాగదీస్తే మసకగా రాక ఏమవుతుంది? ఇక వైరు సంగతి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న పాత ఏవీ వైరులో హెచ్‌డీ రాదు. హెచ్‌డీఎంఐ వైరే ఉండాలి. హెచ్‌డీ బాక్స్ తెచ్చి, నెలనెలా హెచ్‌డీ డబ్బు కట్టి, పాత వైరుతోనే చూస్తున్న ఇళ్లు నేను చూశాను. ఈ రోజే టీవీ వెనక్కి ఒకసారి తొంగి చూడండి. వైరు మార్చాక బాక్స్ సెట్టింగుల్లో 1080 ఎంచుకోవడం మరిచిపోవద్దు.

అసలు మీ ఇంట్లో చూసేదేంటి? ఈటీవీ, జెమిని, స్టార్ మా, జీ తెలుగు.. ఈ నాలుగింటికీ హెచ్‌డీ చానెళ్లున్నాయి. క్రికెట్‌కూ ఉన్నాయి. తెలుగు, ఉర్దూ వార్తా చానెళ్లలో ఎక్కువ భాగం మాత్రం ఇంకా మామూలు ప్రసారమే. అబ్బా పొద్దస్తమానం వార్తలే చూస్తారనుకోండి, ఆయన కోసం హెచ్‌డీ ప్యాక్ వేయించడం డబ్బు దండగ.

డబ్బు దగ్గరే అసలు తిరకాసు ఉంది. ట్రాయ్ కొత్త టారిఫ్ 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చినప్పుడు, 100 చానెళ్లకు నెట్‌వర్క్ ఫీజు రూ.130 దాటకూడదన్నారు, పన్ను అదనం. తర్వాత అదే రూ.130కి 200 చానెళ్లన్నారు. 2024 జూలైలో ఆ పరిమితినే ఎత్తేశారు. ఇప్పుడు ఆపరేటర్ ఊరిని బట్టి, చానెళ్ల సంఖ్యను బట్టి వేరే వేరే ఫీజు పెట్టుకోవచ్చు. కాకపోతే దాన్ని బహిరంగంగా ప్రకటించాలి. కాబట్టి పక్కింటివాళ్లు ఎంత కడుతున్నారో అడగడం ఇప్పుడు తప్పనిసరి పనైంది. ఆ టారిఫ్ లెక్కలో ఒక హెచ్‌డీ చానెల్ రెండు మామూలు చానెళ్లతో సమానం. ఒకే ప్యాక్‌లో ఒకే చానెల్ ఎస్‌డీదీ, హెచ్‌డీదీ రెండూ పెట్టకూడదని నిబంధన ఉంది. కానీ రెండు ప్యాకులు కలిపి తీసుకుంటే రెండూ వచ్చి పడతాయి, డబ్బు రెండుసార్లు పోతుంది. వీటన్నిటి పైన 18 శాతం జీఎస్టీ.

బాక్స్ ధర ఒక్కసారి ఇచ్చేదే. ఫీజు ఏళ్ల తరబడి కట్టేది. పైగా ఒక కంపెనీ బాక్స్ ఇంకో కంపెనీ సిగ్నల్‌కు పనిచేయదు. ఏ బాక్స్ అయినా ఎవరి ప్రసారానికైనా పనికొచ్చేలా చేయాలని ట్రాయ్ 2020లోనే సిఫారసు చేసింది. ఇళ్లలో పరిస్థితి మాత్రం మారలేదు. అందుకే "బాక్స్ ఉచితం" అన్న మాట వినగానే సంతోషపడొద్దు. అది మనకు అమ్మినదా, అద్దెకిచ్చినదా, తిరిగిస్తే ఎంత వెనక్కి వస్తుంది, ఇవన్నీ రసీదు మీద రాయించుకోండి.

నెల ఖర్చే వద్దనుకునేవాళ్లకు దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంది. డిష్, బాక్స్ కలిపి సుమారు రూ.2,000 ఒక్కసారి పెడితే చాలు. డీడీ ఉర్దూ, యాదగిరి, సప్తగిరి వస్తాయి. బాక్స్ కొనేటప్పుడు ఎంపెగ్-4 అని అడిగి తీసుకోండి. పాత ఎంపెగ్-2 బాక్స్‌లో కొన్ని చానెళ్లు రావు. తెలుగు సీరియళ్ల కోసమైతే మాత్రం చానెళ్ల జాబితా ముందే చూసుకోవాలి, లేకపోతే అమ్మీతో మాట పడాల్సి వస్తుంది.

మన ఇళ్లలో ఇంకో కోరిక ఉంటుంది. రంజాన్‌లో హరమ్ షరీఫ్ తరావీహ్ స్పష్టంగా చూడాలని. మా మామూ జెద్దా నుంచి సెలవుకు వస్తూ దీనికోసమే అక్కడి రిసీవర్ మోసుకొచ్చారు. మంచి హెచ్‌డీ పెట్టె. ఇక్కడ ఒక్క చానెల్ పట్టలేదు. అక్కడి చానెళ్లు ప్రసారమయ్యే బద్ర్ ఉపగ్రహాల సిగ్నల్ ప్రధానంగా మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వైపు గురిపెట్టి ఉంటుంది. మన మేడ మీది చిన్న డిష్‌కు అది అందదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు రిసీవర్ తెస్తామంటే వద్దని చెప్పండి, బ్యాగులో ఆ బరువుకు ఖర్జూరాలు తెచ్చుకోవచ్చు.

మక్కా, మదీనా ప్రత్యక్ష ప్రసారాలు యూట్యూబ్‌లో ఉచితంగానే వస్తున్నాయి. స్మార్ట్ టీవీ అయితే వేరే పెట్టె అక్కర్లేదు. కానీ ఫోన్ హాట్‌స్పాట్‌తో చూద్దామంటే కుదరదు. హెచ్‌డీలో గంటకు 2 నుంచి 3 జీబీ దాకా లాగేస్తుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ అయితే తరావీహ్ సగంలోనే ఆగిపోతుంది. ఇంట్లో వైఫై ఉంటే సరే, లేకపోతే రంజాన్ చంద్రుడు కనపడక ముందే ఒక నెలకు కనెక్షన్ ఎంతవుతుందో కనుక్కోండి. కేబుల్, ఇంటర్నెట్ రెండూ ఒకే చోట ఇచ్చేవాళ్లు మీ వీధిలో ఉంటే, ఆ రెండిటి బిల్లులూ విడివిడిగా రాసిమ్మని అడిగి పోల్చుకోండి.