మగపిల్లలకూ పప్పు వండ రావాలె

అక్కలారా, మన షోలాపూర్ ఇండ్లల్ల తల్లి బీడీలు చుడితే, తండ్రి టవల్ల కార్ఖానాకు పోతడు. తల్లికి జ్వరమొస్తే పొయ్యి వెలగదు. అందుకే మా చిన్నోడికి ముందుగా పప్పుచారు నేర్పుతున్న.

గ్లాసు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టాలి. 3 గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు వేసి కుక్కర్లో 4 విజిల్స్ రానియ్యాలె. ఆవిరంతా పోయినంకనే మూత తియ్యాలె. పప్పు మెత్తగా మెదిపినంక చింతపండు పులుసు పొయ్యాలి. ముందే పోస్తే పులుపుకు పప్పు తొందరగ ఉడకదు. ఉప్పు, కారం వేసి, సరిపడ నీళ్లు పోసి మరిగించాలి. ఆఖరికి జీలకర్ర, ఎల్లిపాయ, కరివేపాకు పోపు.

"మగోడికి వంటెందుకు?" అంటరు. రాత్రి షిఫ్టు దిగొచ్చినోడి ఆకలికి ఆడ, మగ తేడా ఉంటదా? పన్నెండేండ్లు దాటిన పిల్లలకు పక్కన నిలబడి నేర్పుండ్రి.