నీటిపై వేగం: మొదటి పడవను ఎంచుకునే ముందు

పండుగనాడు పెద్దలు ఇచ్చిన ఈదీ సొమ్మును దాచుకొని, రిమోటుతో వేగంగా నడిచే విద్యుత్ పడవ కొనిపెట్టమని అడిగే పిల్లలు నేడు ఎన్నో ఇళ్లలో కనిపిస్తున్నారు. వారి కోరిక సహజమైనదే. అయితే బొమ్మ కార్లతో తల్లిదండ్రులకు కలిగిన అనుభవం ఇక్కడ అంతగా అక్కరకు రాదు. కారు దారిలో ఆగిపోతే నాలుగడుగులు నడిచి తెచ్చుకోవచ్చు. పడవ చెరువు నడుమ ఆగిపోతే, దానిని తేవడానికి పిల్లవాడు నీటిలోకి దిగుతాడు. కనుక “ఎంత వేగం పోతుంది?” అని అడిగే ముందు “ఆగిపోతే ఒడ్డుకు ఎలా వస్తుంది?” అని అడగవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. మొదటి పడవ ఎంపికకు సంబంధించిన తక్కిన నిర్ణయాలలో చాలా భాగం ఈ ప్రశ్న నుంచే పుట్టుకొస్తాయి.

ఈ వినోదానికి గౌరవనీయమైన చరిత్రే ఉంది. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక నీటితొట్టిలో చిన్న ఇనుప పడవను రేడియో తరంగాలతో నడిపి చూపాడు. అదే ఏడాది నవంబరు 8న దానికి పేటెంటు లభించింది. బ్యాటరీ, మోటారు, చుక్కాని, రేడియో అనే నాలుగు అంగాలు నాటి పడవలోనూ ఉన్నాయి, నేటి పడవలోనూ ఉన్నాయి. కనుక దీనిని శ్రద్ధతో నేర్చుకునే పిల్లలకు విద్యుత్తు, యాంత్రిక శాస్త్రం రెండూ చేతికి అందుతాయి.

అడుగు ఆకారం

పడవ స్వభావాన్ని ముందుగా నిర్ణయించేది దాని అడుగు భాగం. వేగపు పడవలలో ప్రధానంగా మూడు రకాలు ఉన్నాయి. మొదటిది ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో లోతైన అడుగు కలది. ఇది చిన్న అలలను కోసుకుంటూ పోతుంది, నడిపేవారి పొరపాట్లను కొంతవరకు ఓర్చుకుంటుంది. రెండవది కాటమరాన్, అంటే నడుమ సొరంగం వంటి ఖాళీతో రెండు దోనెలను జోడించినట్టుండే పడవ. సొరంగంలో చేరిన గాలి దానిని కొంత పైకెత్తుతుంది. మలుపులలో ఇది నిలకడగా ఉంటుంది గాని, ఎదురుగాలిలో అతివేగంగా పోతే ముక్కు లేచి వెనక్కి తిరగబడుతుంది. మూడవది హైడ్రోప్లేన్. నీటిని కేవలం కొన్ని బిందువుల వద్ద తాకుతూ పోయే ఈ రకానికి అద్దం వంటి నీరు కావాలి. అది పందెగాళ్ల పడవ.

మొదటిసారి కొనేవారికి ‘వి’ అడుగు పడవనే మేము సూచిస్తాము. పొడవు 60 నుంచి 70 సెంటీమీటర్ల వరకు ఉంటే మంచిది. మరీ చిన్న పడవ చిరు అలలకే ఎగిరెగిరి పడుతుంది. మరీ పెద్దదానికి బ్యాటరీల ఖర్చు, మోసే శ్రమ, ఢీకొన్నప్పటి ప్రమాదం అన్నీ పెరుగుతాయి. తిరగబడినా తనంతట తానే నిటారుగా నిలిచే ఏర్పాటు ఉన్న పడవను ఎంచుకోవాలి. ఇటువంటి నమూనాలు అనేకంలో, బోర్లాపడగానే ఒక పక్క గదిలోకి నీరు చేరి ఆ బరువుతో పడవ పొర్లి లేస్తుంది. వేగంలో పది కిలోమీటర్లు తగ్గినా ఈ గుణం ఉన్న పడవనే తీసుకోండి.

మోటారు, బ్యాటరీ లెక్క

చవక పడవలలో బ్రష్ మోటార్లు ఉంటాయి. పదేళ్లలోపు పిల్లలకు అవి చాలు. నిజమైన వేగం కావాలంటే బ్రష్‌లెస్ మోటారు ఉండాలి. దానిపై ‘కె.వి.’ అని ఒక సంఖ్య రాసి ఉంటుంది. ఒక వోల్టుకు, భారం లేనప్పుడు, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అది చెబుతుంది. 2000 కె.వి. మోటారుకు మూడు గదుల లిపో బ్యాటరీ, అంటే 11.1 వోల్టులు ఇస్తే, భారం లేనప్పుడు నిమిషానికి 22,200 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంతో తిరిగే ప్రొపెల్లర్ రెక్క కత్తితో సమానమని పిల్లలకు మొదటే చెప్పాలి.

ఆడుకునే సమయాన్ని కూడా ఇదే విధంగా లెక్కించవచ్చు. 5000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ నుంచి పడవ సగటున 60 ఆంపియర్లు తీసుకుంటే అయిదు నిమిషాలలో అది పూర్తిగా ఖాళీ అవుతుంది. బ్యాటరీ పాడవకుండా ఉండాలంటే 80 శాతం వద్ద ఆపాలి. అంటే నాలుగు నిమిషాలే. ఈ సంగతి ముందుగా తెలియని పిల్లలు నిరుత్సాహపడతారు, లేదా బ్యాటరీ చివరి చుక్క వరకు నడిపి పడవను నీటి మధ్యలో నిలిపేస్తారు. రిమోటులోనో చేతి గడియారంలోనో మూడున్నర నిమిషాలకు అలారం పెట్టుకోవడం మంచి అలవాటు.

మోటారుకు విద్యుత్తును కొలిచి పంపే స్పీడ్ కంట్రోలర్‌ను సగటు వాడకానికి కనీసం ఒకటిన్నర రెట్లు తట్టుకునేదిగా, నీటితో చల్లబడేదిగా ఎంచుకోవాలి. పడవ పరుగెత్తుతున్నప్పుడు పక్కనున్న రంధ్రం నుంచి సన్నని నీటి ధార బయటికి వస్తుండాలి. ధార ఆగిందంటే గొట్టంలో నాచు చేరిందని గ్రహించి వెంటనే ఒడ్డుకు మళ్లించాలి. ఎక్కువ వేగం కోసం పెద్ద ప్రొపెల్లర్ బిగించాలనే కోరిక తప్పక కలుగుతుంది. వ్యాసం కొద్దిగా పెరిగినా మోటారుపై భారం చాలా ఎక్కువగా పెరుగుతుంది. ఒక పరుగు ముగిశాక, బ్యాటరీ విప్పి, మోటారును తాకి చూడండి. చేయి నిలపలేనంత వేడిగా ఉంటే ఆ ప్రొపెల్లర్ దానికి తగదు.

ఇంట్లో జాగ్రత్త

ఈ వినోదంలో నీటితో సమానంగా నిప్పు ప్రమాదం కూడా ఉంది. లిపో బ్యాటరీని ఇష్టం వచ్చినట్టు చార్జ్ చేస్తే మండిపోగలదు. ప్రతి గదిని సమంగా నింపే బాలెన్స్ చార్జరునే వాడాలి. 5000 సామర్థ్యం గల దానికి 5 ఆంపియర్లు మించకూడదు. ఒక్కో గదికి 4.2 వోల్టులు దాటకూడదు. వాడిన వెంటనే కాక, చల్లారిన తరువాత చార్జ్ చేయాలి. పరుపుల మీద, తెరల దగ్గర, అందరూ నిద్రించే వేళ చార్జింగు పెట్టరాదు. గచ్చు నేలపై, పెద్దవారి కళ్లెదుట, పక్కనే ఇసుక బకెట్టుతో ఈ పని జరగాలి. ఉబ్బిన బ్యాటరీ ఎంత ఖరీదైనదైనా తిరిగి వాడకూడదు. కొన్నాళ్లు పక్కన పెట్టేటప్పుడు గదికి సుమారు 3.8 వోల్టుల వద్ద ఉంచాలి.

కొనడమా, కట్టడమా?

మొదటిది సిద్ధంగా దొరికే పడవ కొనాలని, రెండవది ఇంట్లో కట్టాలని మా అభిప్రాయం. సక్రమంగా నడిచే పడవను చూడనివారికి తాము కట్టినదానిలో లోపం ఎక్కడుందో తెలియదు. కొనేటప్పుడు పడవ ధర ఒక్కటే చూడకుండా రెండు బ్యాటరీలు, మంచి చార్జరు, అదనపు ప్రొపెల్లరు, ఇరుసు, గ్రీజు అన్నింటినీ కలిపి లెక్కవేయండి. విడిభాగాలు మన దేశంలో దొరుకుతాయో లేదో అమ్మేవారిని ముందే అడగండి. దొరకని పక్షంలో పదిరూపాయల భాగం విరిగినా పడవంతా అటకెక్కుతుంది.

కట్టదలచినవారు పలుచని ప్లైవుడ్‌ను ఎపాక్సీతో అతికించి గాని, తయారైన ఫైబర్‌గ్లాస్ అడుగును కొని గాని మొదలుపెట్టవచ్చు. బరువు తూగే బిందువు వెనుక అంచు నుంచి పొడవులో సుమారు 30 శాతం దూరంలో ఉండాలి. బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరిపి దీనిని సరిచేసుకోవచ్చు. బరువు మరీ వెనుక ఉంటే పడవ ముక్కు ఎగరేస్తూ కుప్పిస్తుంది. మరీ ముందుంటే నీటిని అంటిపెట్టుకొని వేగం అందుకోదు. మోటారును, ఇరుసు గొట్టాన్ని ఒకే వరుసలో బిగించాలి. వంగే ఇరుసుకు గ్రీజు పట్టించాలి. ఆట ముగిశాక దానిని బయటికి లాగి తుడిచి మళ్లీ గ్రీజు పూయాలి. ముక్కు భాగంలో తేలే నురుగు ముక్కలను కూరాలి. మూత అంచులకు టేపు వేయాలి. లోపల నీరు నిండినా మునగని పడవే పూర్తయిన పడవ.

చెరువు గట్టున

మన పల్లె చెరువులలో చేపల హక్కులు చాలా చోట్ల మత్స్యకారుల సహకార సంఘాలకు ఉంటాయి. ప్రొపెల్లరుకు చిక్కిన వల ఒకరి జీవనోపాధి. అనుమతి అడిగి, వలలు లేని చోట మాత్రమే నడపాలి. స్నానాలు చేసేవారు, ఈదేవారు, పశువులు, పక్షులు ఉన్నచోట వేగపు పడవను దింపరాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. మనం “జాగ్రత్త” అని అరిచేలోపే అది చేరిపోతుంది. గుర్రపుడెక్క ఉన్న నీరూ తగదు. ఉప్పునీటిలో నడిపితే ఆ రోజే మంచినీటితో కడిగి ఆరబెట్టాలి.

ముందు రిమోటు ఆన్ చేసి, ఆ తరువాతే పడవకు బ్యాటరీ తగిలించాలి. ముగించేటప్పుడు ఈ క్రమం తలకిందులవుతుంది. సంకేతం తెగితే మోటారు తనంతట ఆగిపోతుందో లేదో మొదటి రోజే ఒడ్డున, ప్రొపెల్లరును ఏదీ తాకకుండా పడవను గట్టిగా పట్టుకొని పరీక్షించాలి.

గాలి ఏ గట్టు వైపు వీస్తున్నదో ఆ గట్టునే నిలబడండి. ఆగిపోయిన పడవను గాలే మెల్లగా మీ వద్దకు చేరుస్తుంది. టెన్నిస్ బంతి కట్టిన గాలపు దారాన్ని వెంట ఉంచుకోండి. బంతిని పడవకు ఆవలికి విసిరి, దారంతో దానిని చుట్టి లాగవచ్చు. అదీ కుదరకపోతే సాయంత్రం వరకు వేచి ఉండండి, లేదా పుట్టి ఉన్న జాలరిని పిలిచి కూలి ఇవ్వండి. ఈతవచ్చిన పెద్దవారు సైతం నీటిలోకి దిగవద్దు. నాచులో కాళ్లు చిక్కుకోవడానికి, పూడిక తీసిన గోతిలో అడుగు జారడానికి ఈత రాకపోవడమే కారణం కానక్కరలేదు.

పడవను పిల్లల చేతికి ఇచ్చే ముందు వారితో ఒక్క మాట తీసుకోండి: “పోతే పోనీ, నీటిలోకి మాత్రం దిగను.” ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పగల వయసు పిల్లలకు వచ్చిన రోజే ఈ పడవ కొనడానికి సరైన రోజు.