టర్బో కారుకు కిలోమీటర్ల లెక్క చాలదు

ఢిల్లీలో కారు ఆయుష్షును చాలాకాలం క్యాలెండరే తేల్చింది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 డిసెంబరుకు పరిస్థితి మారింది. బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలపై వయసు ఒక్కటే కారణంగా కఠిన చర్యలు తీసుకోరాదని అదే కోర్టు స్పష్టం చేసింది. చట్టం ఇచ్చిన గడువు దాకా ఇంజిన్ నిలుస్తుందా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

ఆ ప్రశ్న లక్ష్మీనగర్ లాంటి చోట్ల మరింత గట్టిగా వినిపిస్తుంది. అక్కడి నుంచి యమున దాటి ఐటీవో చేరాలంటే వికాస్ మార్గ్ మీదుగా వెళ్లాలి. రద్దీ వేళల్లో ఈ దారిలో కారు కదిలే సమయం కన్నా ఆగే సమయమే ఎక్కువ. మీటరులో కిలోమీటర్లు పెరగవు కానీ ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది.

చిన్న టర్బో ఇంజిన్లు ఇంతగా పెరగడానికి పన్ను విధానం ఒక కారణం. నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకు 2006 నుంచీ పన్ను రాయితీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటిపై జీఎస్టీ 18 శాతం, పెద్ద కార్లపై 40 శాతం. ఆ పరిమితిలోనే శక్తి పెంచాలంటే కంపెనీలకు టర్బో అనుకూలం. టాటా నెక్సాన్ 1.2 లీటర్లు, హ్యుందాయ్ వెన్యూ టర్బో 1.0 లీటరు కావడం యాదృచ్ఛికం కాదు.

టర్బోచార్జర్ పొగ గొట్టంలోకి వెళ్లే వేడి వాయువుల బలంతో తిరుగుతుంది. దాని వేగం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. ఆ షాఫ్టును కాపాడేది పలచని ఆయిల్ పొర. ఆయిల్ పాతబడినా, వేడికి మాడి గట్టిపడినా ముందు దెబ్బతినేది బేరింగే.

అందుకే యజమాని పుస్తకంలో చాలామంది చదవని పేజీ ఒకటుంది. తరచూ ఆగి సాగే ప్రయాణాలు, ఎక్కువసేపు ఐడిలింగ్, దుమ్ము, చిన్న దూరాలు కఠిన వినియోగం కిందికి వస్తాయి. అలాంటప్పుడు ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ ముందుగానే మార్చమంటుంది. ఢిల్లీలో ఇవన్నీ రోజువారీ పరిస్థితులే. కాబట్టి పదివేల కిలోమీటర్లకో ఏడాదికో అన్న మామూలు లెక్కనే ఇక్కడ పట్టుకోవడం ప్రమాదం.

అలవాట్లు కూడా ముఖ్యమే. స్టార్ట్ చేయగానే గట్టిగా తొక్కకుండా మొదటి కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడపాలి. హైవే మీద వేగంగా వచ్చిన కారును ఆపాక, ఒక నిమిషం ఐడిలింగులో ఉంచి ఆఫ్ చేయడం మంచిది. పై గేరులో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంధనం వేళకు ముందే అంటుకుని పిస్టన్లకు నష్టం కలగవచ్చు. ఏపీఐ ఎస్పీ ప్రమాణపు ఆయిల్ ఈ ముప్పును తగ్గిస్తుంది. కానీ పుస్తకంలో చెప్పిన గ్రేడే వాడాలి.

టర్బో మార్పిడి ఖర్చు ముందు ఆయిల్ ఖర్చు చిన్నది. సెకండ్ హ్యాండ్ కొనేవారు మీటరు కన్నా ముందు సర్వీసు బిల్లులు అడిగి, ఆయిల్ ఎప్పుడెప్పుడు మారిందో చూడాలి. పదేళ్ల తర్వాత కారు ఉంటుందా అన్న ప్రశ్నకు కోర్టు ఇవ్వలేని జవాబు ఆ బిల్లుల్లో దొరుకుతుంది.