బలరాముడి తటస్థత

"నేనేమీ చెయ్యలేదు, నాకే పాపమూ అంటదు" అనేవాళ్ళకి బలరాముణ్ణి గుర్తు చెయ్యాలి. కురుక్షేత్రంలో ఏ పక్షమూ వద్దని తీర్థయాత్రలకి వెళ్ళిపోయాడు. పద్దెనిమిదో రోజున తిరిగొచ్చి, భీముడు గదాయుద్ధ నియమం తప్పి తొడలు విరగ్గొట్టాడని నాగలెత్తాడు. మరి అభిమన్యుణ్ణి అంతమంది చుట్టుముట్టి చంపిననాడు ఆ నాగలి ఎక్కడుంది? ఆపగలిగిన మనిషి కావాలనే దూరంగా ఉన్నాడు.

చంపడమూ, చావనివ్వడమూ ఒకటే అనను. 1967లో ఫిలిప్పా ఫుట్ ట్రామ్ ఉదాహరణతో తడిమింది ఆ తేడానే. కానీ తేడా ఉందంటే బాధ్యత లేదని కాదు కదా! ప్రోగ్రామ్‌లో డీఫాల్ట్ కూడా ఎవరో ఒకరు ఎంచుకున్నదే. తప్పుకోవడమూ అంతే. ఎంచుకున్నవాడు దానికి జవాబు చెప్పాల్సిందే. తీర్థాల్లో మునిగితే ఆ లెక్క తీరదు.